సాయంత్రం నాలుగు దాటాక నీ తెలివిని నువ్వే నమ్మకు

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

సైకిల్ మీద ఒక్కదానివే దేశం ఈ చివర నుంచి ఆ చివరికి పోతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. నిన్ను ఆపమనడానికే చేసింది పాపం. నేను ఆపను. మీ అమ్మకి నేను సర్దిచెప్పుకుంటాను గానీ, నువ్వు పంపిన ప్లానూ సామాన్ల జాబితా చూశాక మాత్రం రాయకుండా ఉండలేకపోయాను.

మొదటి రోజు నుంచే రోజుకి 120 కిలోమీటర్లని వేసుకున్నావు. ఎవరిని చూసి వేసుకున్నావో గానీ కొట్టెయ్. మొదటి వారం 60, మహా అయితే 70. తొడలు తొందరగానే దారికొస్తాయి, మోకాళ్ల చుట్టూ ఉండే స్నాయువులు రావు. నొప్పి వారం తర్వాత బయటపడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. వారానికో రోజు పూర్తిగా ఖాళీ ఉంచుకో. తిరుగు టికెట్ ముందే కొనేశావా ఏమిటి? కొనకపోతే ఇంకా కొనకు. తారీఖు తరుముతుంటే మనిషి గాలివానలో కూడా తొక్కుతాడు.

ఇప్పుడు అసలు సంగతి. పక్కన తోడుంటే ఎవరో ఒకరు "ఇక చాల్లే, ఇక్కడాగుదాం" అంటారు. నీకు ఆ మాట అనేవాళ్లుండరు. పొద్దుటి నుంచి తొక్కి తొక్కి, నీరసమొచ్చి, సాయంత్రం నాలుగింటికి బుర్ర వేసే లెక్కలు భలే చిత్రంగా ఉంటాయి. ఇంకో ముప్పై కిలోమీటర్లేగా, చీకటి పడేలోపు పోతాం అంటుంది. ఈ అడ్డదారి దగ్గరలా ఉందే అంటుంది. అందుకని సాయంత్రం తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ పొద్దున కడుపునిండా తిని కూర్చున్నప్పుడే తీసేసుకో. రాత్రి ఎక్కడ పడుకోవాలి, అంతదూరం పోలేకపోతే దానికి ముందు ఎక్కడ ఆగాలి, ఎన్ని గంటలకి ఎక్కడున్నా సరే సైకిల్ దిగెయ్యాలి. ఈ మూడూ చిన్న కాగితం మీద రాసి హ్యాండిల్ సంచికి అంటించు. మనసులో అనుకున్నది మార్చుకోవడానికి క్షణం చాలు, రాసి పెట్టుకున్నదాన్ని కొట్టెయ్యాలంటే చెయ్యి కాస్త వెనకాడుతుంది. పొద్దుగూకడానికి రెండు గంటల ముందే చేరేలా చూసుకో. దారిలో ఒక పంక్చరూ, ఒక దారి తప్పడమూ ఆ రెండు గంటల్లోకి వచ్చేస్తాయి.

తిండి విషయంలోనూ అంతే. పాల్ ద వివీ (1853–1930) అని ఫ్రాన్సులో ఒకాయన ఉండేవాడు. వెలోసియో అనే కలం పేరుతో సైకిల్ ప్రయాణాల గురించి జీవితాంతం రాశాడు. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి, గొప్ప కోసం తొక్కకూడదు అని నియమాలు పెట్టాడు. నూరేళ్లు దాటినా వాటిలో మార్చాల్సింది నాకేమీ కనపడలేదు. అరగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకో. చెమట బాగా పడుతున్న రోజు ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగెయ్యకు. ఒంట్లో సోడియం మరీ పడిపోతే ప్రాణం మీదకొస్తుంది. సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. ఇంకొకటి, కారణం లేకుండా ఏడుపొచ్చినా, ఊరికే అందరి మీదా కోపమొచ్చినా, ఇంటికి తిరిగిపోదామనిపించినా ముందు ఆగి తిను. తిన్న అరగంట తర్వాత కూడా పోవాలనిపిస్తే అప్పుడు ఆలోచిద్దువుగాని.

కొండల గురించి భయపడుతున్నావు గానీ, కొండకి ఒక శిఖరమంటూ ఉంటుంది. ఎదురుగాలికి ఉండదు. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నదానికి 20 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందనుకో, గాలి నిన్ను వెనక్కి నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ రోజు మీటరు వైపు చూడకు. గేరు తగ్గించి, కాళ్లు నిమిషానికి 75, 80 తిప్పులు తిరిగేలా చూసుకుని, దూరం లెక్క మానేసి గంటల లెక్కన తొక్కు. ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో కూడా ఆ కాలంలో గాలి ఎటు వీస్తుందో కనుక్కున్నాకే తేల్చుకో.

సామాన్ల జాబితా చదివి నవ్వుకున్నాను. 1884లో థామస్ స్టీవెన్స్ ముందు చక్రం బాగా పెద్దగా ఉండే పాతకాలం సైకిల్ మీద శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బోస్టన్ దాకా అమెరికా అడ్డంగా దాటాడు. ఆయన హ్యాండిల్ సంచిలో ఉన్నవి మేజోళ్లు, ఇంకో చొక్కా, పడుకోవడానికి కూడా పనికొచ్చే వానకోటు, ఒక పిస్తోలు. పిస్తోలు నీకొద్దులే. మూడు జీన్సులు కూడా వద్దు. అన్నీ సర్ది, బరువు వేసిన సైకిల్‌తో రెండు రోజులు ఎక్కడికైనా పోయిరా. రాగానే ముట్టుకోనివన్నీ తీసి పక్కన పెట్టు. వానకోటూ, మందులూ, రిపేరు సామానూ మాత్రం ముట్టుకోకపోయినా ఉండాలి.

రిపేరు దగ్గరికొస్తే, పంక్చర్ ఒక్కటి బాగా నేర్చుకో. టైరు ఎక్కించేటప్పుడు దాని మీదున్న కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టు. ఇది సోకు కోసం కాదు. పంక్చరయ్యాక ట్యూబులో గాలి కొట్టి చూస్తే చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. టైరు మీద కూడా అంతే దూరంలో వెతికితే ముల్లు దొరుకుతుంది. ట్యూబు ఏ వైపుకి తిరిగి ఉండేదో గుర్తులేకపోతే రెండు వైపులా చూడు. ముల్లు తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడిమి చూడు, కంటికి కనపడని సన్న తీగముక్కలు వేలికి తగులుతాయి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై ట్యూబు రిమ్ముకి నలిగింది.

స్పోకులు తెగితే ఎక్కువగా వెనక చక్రంలో, గేర్లున్న వైపే తెగుతాయి. బరువంతా వెనకే, బిగువంతా ఆ వైపే. అక్కడ మార్చాలంటే క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే గేరు పళ్ల చక్రాల గుత్తి, విప్పాలి, కాబట్టి ఆ కొలత స్పోకులు మూడు, విప్పే పనిముట్టు దగ్గరుంచుకో. నీ సైకిల్‌కి సరిపోయే డిరైలర్ హ్యాంగర్, అంటే వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, అది కూడా ఒకటి కొను. అది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, దారిలో దొరకదు.

ఒళ్లు చెప్పేది విను. మోకాలి ముందు నొప్పి వస్తే చాలామటుకు సీటు కిందికుందని, వెనక నొప్పి వస్తే పైకుందని. చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి నరం నలుగుతోంది, చేతులు మార్చి మార్చి పట్టుకో. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోవద్దనీ, దాన్ని రోజూ ఉతికి ఆరబెట్టుకోవాలనీ మీ పిన్ని మరీ మరీ రాయమంది. వివరాలు కావాలంటే తననే అడుగు.

ఇక మీ అమ్మ భయపడే సంగతి. రోజూ ఒకే టైముకి ఇద్దరికి, ఒకరికి కాదు, ఇద్దరికి, ఎక్కడున్నావో మెసేజ్ పెట్టు. మెసేజ్ రాకపోతే ఎన్ని గంటలు ఆగి, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. సిగ్నల్ లేని చోటుంటే ముందు రోజే చెప్పు. దారిలో ఎవరైనా ఒక్కదానివేనా అని అడిగితే, వెనక వస్తున్నారను. ఈ ఒక్క అబద్ధానికి పాపమేమీ లేదు. రాత్రి ఎక్కడ పడుకుంటావో మాత్రం అడిగిన ప్రతివాళ్లకీ చెప్పకు. కుక్కలు తరిమితే దిగి, సైకిల్ నీకూ వాటికీ మధ్య ఉండేలా పట్టుకుని నడు. నువ్వు ఆగితే చాలాసార్లు వాటి హుషారూ తగ్గుతుంది. వెనక లైటు పగలు కూడా వెలగాలి. పెద్ద లారీ దాటేటప్పుడు ముందు గాలి తోస్తుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకో, భుజాలు బిగించకు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. స్కేలు తీసుకుని చైను మీద ఒక పిన్ను మధ్య నుంచి 24 పిన్నుల అవతల పిన్ను మధ్య దాకా కొలువు. కొత్త చైనయితే సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగినా మార్చెయ్, లేకపోతే గేరు పళ్లు కూడా అరిగిపోతాయి. ఎంత వచ్చిందో నాకు రాయి. కొత్త చైను నేను కొంటాను.

మీ బాబాయి