1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ లాంటి పాత సెడాన్ కొని నడపడంలో అంత ఆనందం ఏముంది?

స్పీడ్ కోసమైతే దీని జోలికి వెళ్లక్కర్లేదండి, 40 హార్స్ పవర్, గట్టిగా తొక్కితే గంటకి 100 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది అంతే. అసలు మజా ఏంటంటే ఇంజన్ పని కూడా సగం మన చేతుల్లోనే ఉంటుంది. స్టీరింగ్ కింద ఎడమ పక్కన స్పార్క్ టైమింగ్ లివర్, అంటే ఇంజన్లో పెట్రోలుని అంటించే నిప్పురవ్వ ఎప్పుడు పడాలో మార్చే మీట ఉంటుంది, స్టార్ట్ చేసేటప్పుడు పైకి పెట్టాలి, ఇంజన్ అందుకోగానే కిందకి దించాలి, ఇప్పటి కార్లలో కంప్యూటర్ చూసుకునే పనే ఇది. గేర్లకి సింక్రోమెష్ (గేర్ల వేగాన్ని దానంతటదే కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి డబుల్ క్లచ్ కొట్టాలి, అంటే ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కాలి, శబ్దం వింటూ సరైన టైముకి వేయాలి, లేదంటే గరగరమంటుంది, అదే చప్పుడు లేకుండా మెత్తగా పడిందనుకోండి, ఆ తృప్తి ఏ ఆటోమేటిక్ బండిలోనూ రాదని నా గట్టి నమ్మకం.

పెట్రోల్ ట్యాంకు డాష్‌బోర్డు ముందే, పంపు కూడా లేదు, పెట్రోలు దానంతటదే కార్బురేటర్‌లోకి దిగుతుంది. అంత సింపుల్ కాబట్టి చాలా రిపేర్లు మామూలు పానాలతో మనమే చేసుకోవచ్చు. అప్పట్లో లక్షల్లో తయారైంది గనక అమెరికాలో కొత్త స్పేర్ పార్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బ్రేకులు మాత్రం రాడ్లతో పనిచేసేవి, ఇప్పటిలా ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ కాదు, అందుకే ముందు బండికి బాగా దూరంగా ఉండండి, హైవే కన్నా ఊరి రోడ్లే దీనికి నయం.