నాన్నగారి హామ్ రేడియో, అమ్మగారి కోపం

ప్రశ్న: మా నాన్నగారు టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే వైర్‌లెస్ సెట్టు మీద దూరపు ఊళ్లవాళ్లతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియోయే ఆయన లోకం. పోయిన ఏడాది కాలం చేశారు. వచ్చే నెలలో సంవత్సరీకం. ఆ సాయంత్రం మా ఇంట్లోనే, ఆయన రేడియో గదిలో కూర్చుని, ఆయన సెట్టు మీంచే అన్ని ఊళ్ల హామ్‌లనూ పిలిచి సంస్మరణ జరుపుతామని ఆయన మిత్రులు అడుగుతున్నారు. అమ్మ ససేమిరా అంటోంది. "నేను టైఫాయిడ్‌తో మంచాన పడి ఉంటే ఆయన అండమాన్‌తో మాట్లాడుతూ కూర్చున్నారు" అని సునామీ నాటి మాట ఇప్పటికీ తీస్తుంది. దినం నాడు ఒకాయన తనను చూపించి "ఎక్స్‌వైఎల్" అన్నారని కూడా బాధపడుతోంది. నాన్న లాగ్‌బుక్కులు చూపించి అమ్మకు నచ్చజెప్పాలని నా ఆలోచన. అమెరికాలో ఉన్న అన్నయ్య సామానంతా అమ్మేయమంటున్నాడు. ఒకాయన "బాగుచేసి ఇస్తా"నని ఒక సెట్టు పట్టుకెళ్లి ఇంతవరకూ తేలేదు. పద్నాలుగేళ్ల మా అబ్బాయి తాతయ్య రేడియో తనకే కావాలంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటిలో నిజంగా బరువైనది మీ అమ్మగారి కోపం ఒక్కటే. తక్కినవి చాలావరకు సామాను వ్యవహారాలు కనుక వాటి సంగతి తర్వాత చూద్దాం.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. హామ్ ప్రసారాల కోసం వెళ్లిన ఆ బృందం ఒక్క పూటలో సహాయ కార్యక్రమంలోకి మారిపోయింది. ఫోన్లు పనిచేయని ఆ దీవుల నుంచి ఎవరు క్షేమంగా ఉన్నారో, ఎవరి ఆచూకీ తెలియలేదో హామ్ రేడియో మీదుగా ఇవతలి ఒడ్డుకు చేరింది. అలా వచ్చిన పేర్లు రాసుకుని, ఆ కుటుంబాలకు ఫోన్ చేసి "మీవాళ్లు బతికే ఉన్నారు" అని చెప్పినవారిలో మీ నాన్నగారు ఒకరైతే, ఆయన మిత్రులు ఆ రాత్రులను తలుచుకుని చేతులెత్తి మొక్కడంలో వింత లేదు. అయితే అవే రాత్రులు పక్క గదిలో జ్వరంతో పడుకున్న మనిషికి, మంచినీళ్లు అడిగితే "ఇదిగో వస్తున్నా" అన్న మాట తప్ప మనిషి రాని రాత్రులు. మిత్రులకు గుర్తున్నదీ, ఆమెకు గుర్తున్నదీ రెండూ జరిగినవే. నాన్నగారు వందమందికి చేసిన మేలును ఎంత వివరించినా ఆమెకు దాహం వేయలేదని రుజువు కాదు.

అందుచేత ముందుగా మీరు మానుకోవలసినది నాన్నగారి తరఫున వకాల్తా పుచ్చుకోవడం. లాగ్‌బుక్కులు చూపించే ఆలోచన అసలే వద్దు. అందులో ఏముంటుందో మీరే ఒకసారి తెరిచి చూడండి: తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, అవతలివారి కాల్ సైన్ (లైసెన్సుతో పాటు ఒక్కో హామ్‌కు ఇచ్చే గుర్తింపు అక్షరాలు), సిగ్నల్ ఎలా వినబడిందో తెలిపే 59, 57 వంటి అంకెలు, మహా అయితే ఒక పేరు, ఒక ఊరు. భార్య మీద ప్రేమకు సాక్ష్యం అందులో దొరకదు. పైగా హామ్‌లు సాధారణంగా సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో రాస్తారు. పుస్తకంలో 21:00 అని ఉంటే మన గడియారంలో తెల్లవారుజాము 2:30 అన్నమాట. టెలిఫోన్ శాఖ ఉద్యోగి భార్యకు ఈ లెక్క తెలియకుండా ఉండదు. ఆమె ఇన్నేళ్లుగా చేస్తున్న ఫిర్యాదుకు మీరే స్వయంగా పేజీ పేజీకీ ఆధారం తెచ్చి ఒళ్లో పెట్టినట్టవుతుంది.

దానికి బదులు, ఏ పని మీదా కాకుండా ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని ఆ జ్వరం రోజుల గురించి చెప్పమని అడగండి. ఆ పూట డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లారు, వంట ఎవరు చేశారు, మీరు అప్పుడు ఎక్కడ ఉన్నారు అన్నవన్నీ చెప్పనివ్వండి. మధ్యలో "కానీ నాన్న..." అని మొదలుపెట్టకండి. భర్త పోయిన ఏడాదిలోపు ఆయన మీద కోపాన్ని పైకి చెప్పుకునే అవకాశం మన ఇళ్లలో ఆడవాళ్లకు దొరకదు. వచ్చినవాళ్లందరూ ఆయన గొప్పతనమే చెబుతుంటే ఆమె తన దుఃఖాన్ని ఆ రేడియో గది తలుపు మీద చూపిస్తున్నారు.

ఇక మిత్రుల సంగతి. వారిని కూడా మీరు కొంచెం అర్థం చేసుకోవాలి. వారిలో చాలామంది మీ నాన్నగారి ముఖం చూసి ఉండరు, గొంతు మాత్రమే ఎరుగుదురు. చనిపోయిన హామ్‌ను వారు "సైలెంట్ కీ" అంటారు. చుక్కలు, గీతల లెక్కన మోర్స్ సందేశాలు కొట్టే మీటను కీ అంటారు కాబట్టి ఆ పేరు వచ్చింది. అమెరికా హామ్‌ల సంఘం పత్రిక క్యూఎస్‌టీలో ఈ పేర్లకు ఒక శీర్షికే ఉంది. మరణంలో కూడా హోదా కంటే కాల్ సైనే వారికి గుర్తు: రాజీవ్ గాంధీ వారికి వీయూ2ఆర్‌జీ, కొలంబియా నౌకలో మరణించిన కల్పనా చావ్లా కేడీ5ఈఎస్ఐ. సంస్మరణలో పోయినవారి కాల్ సైన్‌ను పిలిచి, జవాబు రాని ఆ కాసేపు మౌనం పాటించి, తర్వాత ఒక్కొక్కరూ రెండు మాటలు చెప్పుకుంటారు. పెదకర్మ భోజనానికి రాలేని దూరపు స్నేహితులకు ఉన్న కర్మకాండ అదొక్కటే, కాబట్టి జరగనివ్వండి.

అయితే అది మీ ఇంట్లో జరగకూడదు. ఆ ఇల్లు మీ అమ్మగారిది. ఆమె వద్దన్నాక మరో మాట లేదు. లైసెన్సు ఉన్న మిత్రుడెవరైనా తన ఇంట్లో, తన సెట్టు మీద, తన కాల్ సైన్‌తో నిర్వహించవచ్చు. ఉదయం తద్దినం మీ ఇంట్లో, సాయంత్రం సంస్మరణ వారింట్లో. మీరు వెళ్లి వినండి. అమ్మగారిని ఒక్కసారి మర్యాదకు పిలవండి, రెండోసారి పిలవకండి. నాన్నగారి సెట్టు మీద మీరు గానీ మీ అబ్బాయి గానీ మాట్లాడటం కుదరదు. లైసెన్సు ఆయన పేరిట ఇచ్చినది. అది వారసత్వంగా సంక్రమించదు.

ఆ సాయంత్రానికి ముందే మిత్రుల్లో పెద్దాయన ఒకరు భార్యతో కలిసి వచ్చి మీ అమ్మగారిని చూసి వెళితే బాగుంటుంది. "ఆ సునామీ రోజుల్లో మీకు ఒంట్లో బాగాలేదట, మాకు తెలియలేదమ్మా" అన్న ఒక్క మాట ఆయన నోట వస్తే చాలు. ఈ విషయం ఆయనకు మీరే ముందు చెప్పి ఉంచండి. ఎక్స్‌వైఎల్ అనేది హామ్‌లు భార్య గురించి మామూలుగా వాడే మాటే. కించపరచాలని అన్నది కాదు. అయినా దినం నాడు, కన్నీళ్లతో కూర్చున్న ఇల్లాలిని ఆమె పేరుతోనో "అక్కయ్యగారూ" అనో పలకరించి ఉండవలసింది. అందులో ఆమె తప్పు పట్టడం సబబే.

సామాను విషయంలో నిర్ణయం మీ అమ్మగారిదే. అన్నయ్యగారిదీ కాదు, మిత్రులదీ కాదు. సంవత్సరీకం అయ్యేదాకా ఏదీ అమ్మవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. ప్రతి వస్తువుకూ ఫోటో తీసి జాబితా రాయండి. తీసుకెళ్లిన సెట్టును కూడా ఆ జాబితాలో చేర్చి, ఫలానా తేదీలోపు తెచ్చి ఇవ్వమని ఆయనకు రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత అమ్మదలిస్తే, ఒకరినొకరు పెద్దగా ఎరగని ఇద్దరు హామ్‌ల చేత విడివిడిగా ధర కట్టించి, లైసెన్సు ఉన్నవారికే అమ్మండి. డబ్బు అమ్మగారి ఖాతాలో పడాలి. రేడియోలో మాట్లాడుకున్నందుకు గుర్తుగా ఇతర హామ్‌లు పంపిన క్యూఎస్ఎల్ కార్డులను మాత్రం పాత కాగితాల వాడికి వేయకండి. అలాంటి సేకరణలను భద్రపరిచే సంస్థ వియన్నాలో ఉంది. అంత దూరం పంపలేకపోతే అట్టపెట్టెలో ఉంచినా నష్టం లేదు.

మీ అబ్బాయికి పన్నెండేళ్లు దాటాయి కాబట్టి హామ్ లైసెన్సు పరీక్ష రాయవచ్చు. మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు. లైసెన్సు వచ్చిన రోజున అమ్మమ్మ దగ్గరికి వెళ్లి తనే అడగమనండి. ఇస్తారో లేదో ఆమె ఇష్టం. అతన్ని తాతగారి స్థానంలో కూర్చోబెట్టే తొందర మాత్రం పెద్దవాళ్లకు వద్దు. ఏడాది తిరిగేసరికి క్రికెట్ మీదికి మనసు మళ్లినా మళ్లవచ్చు.

వాల్వులతో పనిచేసే పాత యాంప్లిఫయర్ ఏదైనా ఉంటే దాని మూత ఎవరూ విప్పకండి. ప్లగ్ తీసి ఉన్నా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. డాబా మీది యాంటెనాను మాత్రం అమ్మగారితో ఒక మాట చెప్పి, తెలిసినవారి చేత తుఫానుల కాలానికి ముందే దింపించండి.