సాయంత్రమైతే మొరాయించే డిష్‌వాషర్

ప్రశ్న: మాది మూడంతస్తుల మిద్దెలో పైఇల్లు. పొద్దున మోటారు వేసి ట్యాంకు నింపాక డిష్‌వాషర్ వేస్తే గిన్నెలు బాగానే తోముతుంది. సాయంత్రం వేస్తే నాలుగైదు నిమిషాలు సన్నగా గుయ్‌మని, కొళాయి బొమ్మ వెలిగి ఆగిపోతుంది. మెకానిక్ చూసి ఇన్‌లెట్ వాల్వ్ పోయింది, మార్చాలన్నాడు. మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు, ఎర్రముక్కపల్లె, కడప

జవాబు: ఇప్పుడే వద్దు. యంత్రంలోకి నీళ్లు వదిలే ఆ వాల్వ్‌లోని కాయిల్ (కరెంటు తీగచుట్ట) కాలిపోయి ఉంటే దానికి పొద్దున, సాయంత్రం తేడా ఉండదు. మీ ఇంట్లో పూటపూటకూ మారుతున్నది మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టం. ముందు దాని సంగతి చూడాలి.

ట్యాంకు నీళ్లకు ఒత్తిడి ఎత్తు వల్లే వస్తుంది. ఆ ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. 10 అడుగులకు సుమారు 0.3 బార్, 33 అడుగులకు సుమారు 1 బార్. ట్యాంకు 500 లీటర్లదా 2,000 లీటర్లదా అన్నదానితో పని లేదు. చాలా డిష్‌వాషర్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతాయి. మీ యంత్రానికి ఎంత కావాలో మాన్యువల్లో ఉంటుంది. మెగాపాస్కల్‌లో ఇచ్చి ఉంటే 0.05 అంటే 0.5 బార్ అని చదువుకోండి.

ఇక టేపు పట్టుకుని కొలవండి. ట్యాంకులో నీళ్లు ఉన్న మట్టం నుంచి వంటగది నేల దాకా కొలవాలి, ఎందుకంటే చాలా యంత్రాల్లో వాల్వ్ అడుగునే ఉంటుంది. గది ఎత్తు, స్లాబు కలిపి 10న్నర అడుగులు, ట్యాంకు కింద దిమ్మె 2 అడుగులు, నిండు ట్యాంకులో నీళ్లు మూడున్నర అడుగులు అనుకుంటే మొత్తం 16 అడుగులు, అంటే 0.5 బార్‌కు కాస్త తక్కువ. సాయంత్రానికి ట్యాంకులో అర అడుగే మిగిలితే 0.4 లోపుకు దిగుతుంది. అదీ నీళ్లు కదలకుండా ఉన్నప్పటి లెక్క. పారేటప్పుడు అరంగుళం పైపు, దారిలోని ఎల్బోలు, సగం తిప్పిన యాంగిల్ కాక్ తలా కొంత తినేస్తాయి. కింది ఇళ్లవాళ్లకు లేని ఈ బాధ పైఇంటివాళ్లకే ఎందుకంటే, ట్యాంకు వాళ్ల నెత్తి మీదే ఉంటుంది కాబట్టి.

ఒత్తిడి తగ్గితే నీళ్లు నెమ్మదిగానైనా రావాలి కదా అనిపిస్తుంది. వాల్వ్ తయారీ అలా ఉండదు. కరెంటు కాయిల్ లోపలి చిన్న మేకును మాత్రమే లేపుతుంది. అసలు దారికి అడ్డంగా ఉన్న రబ్బరు డయాఫ్రమ్‌ను ఎత్తాల్సింది నీటి ఒత్తిడే. అది చాలకపోతే డయాఫ్రమ్ సగం లేచి ఆగుతుంది. మీకు వినిపించే గుయ్ చప్పుడు కాయిల్‌దే. అంటే దానికి కరెంటు అందుతోంది, అది పనిచేస్తోంది. యంత్రం కొన్ని నిమిషాలు చూసి, కావలసిన 3, 4 లీటర్లు చేరకపోతే ఆగిపోతుంది. కొన్నింట్లో కొళాయి బొమ్మ వస్తుంది, బాష్‌లో ఇ18, ఎల్‌జీలో ఐఇ, సామ్‌సంగ్‌లో 4సీ వస్తాయి. వీటన్నిటికీ అర్థం నీళ్లు అందలేదనే. వాల్వ్ పోయిందని కాదు.

సాయంత్రం పూటే ఈ పరీక్ష చేయండి. స్విచ్ తీసి, ప్లగ్ పీకి, కాక్ కట్టి, హోస్ విప్పండి. కాక్ పూర్తిగా తిప్పి లీటరు సీసా పట్టండి. 6 సెకన్లలో నిండితే నిమిషానికి 10 లీటర్లు, దివ్యంగా ఉన్నట్టు. 20 సెకన్లు దాటితే లోపం యంత్రానిది కాదు, మీ పైపుది. ఇదే సీసాను పొద్దున మళ్లీ పట్టి రెండు అంకెలూ మెకానిక్‌కు చూపండి, వాదన ఉండదు.

సీసా త్వరగా నిండితే జల్లెడ చూడాలి. హోస్ కొసనో వాల్వ్ మూతిలోనో చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, నడుమ పట్టుకోవడానికి చిన్న ముక్కు. నోస్ ప్లయర్‌తో ఆ ముక్కు పట్టి నేరుగా లాగండి, తిప్పొద్దు. దాని మీద ఎర్రమన్ను, ఇసుక, పైపు కోసినప్పుడు రాలిన పీవీసీ పొట్టు కనబడతాయి. పాత టూత్‌బ్రష్‌తో వెనక వైపు నుంచి కడగండి. తెల్లటి గార పట్టి ఉంటే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. పిన్నుతో మాత్రం పొడవొద్దు, చిరుగుతుంది. జాలీ తీసేసి నడిపితే పీడ పోతుందని చెప్పేవాళ్లున్నారు. అలా చేస్తే ఇసుక డయాఫ్రమ్ కింద ఇరుక్కుని వాల్వ్ మూసుకోదు, యంత్రం ఆపేసి ఉన్నా నీళ్లు లోపలికి కారుతూనే ఉంటాయి.

ఒక హెచ్చరిక. కొన్ని హోస్‌లకు కొళాయి వైపు లావుపాటి డబ్బా ఉంటుంది. అందులో కరెంటు వాల్వ్ ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచకూడదు, ఆ హోస్‌ను కోసి అతకకూడదు.

ఒత్తిడే తక్కువని తేలితే, ముందు ట్యాంకు నుంచి డిష్‌వాషర్‌కు ముప్పావు అంగుళం పైపు విడిగా దించండి. దిమ్మె మూడు, నాలుగు అడుగులు లేపించగలిగితే ఇంకా మంచిది. ఆ రెండూ కుదరకపోతేనే ట్యాంకు దగ్గర చిన్న ప్రెషర్ పంపు. ఇది పనిచేస్తుంది, కానీ నడిచిన ప్రతిసారీ చప్పుడు కూడా చేస్తుంది. అప్పటిదాకా ట్యాంకు నిండిన వెంటనే యంత్రం వేసుకోండి, ఖర్చు లేని మందు అదే.

వాల్వ్‌ను అనుమానించాల్సింది ఇవన్నీ సరిగా ఉన్నాకే. ప్లగ్ తీసి, కాయిల్ వైర్లు విప్పి మల్టీమీటరు పెడితే సాధారణంగా 3 నుంచి 5 కిలో ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే కాలిందన్నమాట.

ప్రశ్న: కింది ఇల్లు, నీళ్ల ధార బాగుంది. ఎర్రర్ ఏదీ రాదు. కానీ కడిగేటప్పుడు పంపు గుర్రుగుర్రుమంటుంది, పైఅరలోని గ్లాసులకు నీళ్లే తగలడం లేదు. లోపల నీళ్లు తక్కువగా కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీకు నీళ్లు వస్తున్నాయి, నిలవడం లేదు. గుర్రు చప్పుడు పంపు గాలి పీల్చడం వల్ల వస్తుంది.

మొదట డ్రెయిన్ పైపు చూడండి. మన ఇళ్లలో దాన్ని నేల మీది జాలీలోకి లోతుగా దూర్చి, చుట్టూ గుడ్డ కుక్కుతారు. అప్పుడు యంత్రంలోకి వచ్చిన నీళ్లు కిందికి సైఫన్ పట్టి పోతాయి. నింపేటప్పుడే జాలీ దగ్గర చెవి పెట్టండి. నీళ్లు జారే చప్పుడు వినిపిస్తే దొంగ దొరికినట్టే. పైపును నేల నుంచి 50, 60 సెంటీమీటర్ల ఎత్తుకు వంపు తిప్పి గోడకు కట్టి, కొసను వదులుగా వేలాడదీయండి, గుడ్డ తీసేయండి.

అది కాకపోతే గిన్నెలు సర్దిన తీరు. యంత్రం తిప్పి తిప్పి వాడేది ఆ 3, 4 లీటర్లనే. ఒక దబర వెల్లకిలా పడితే లీటరు పైనే తన కడుపులో దాచుకుంటుంది. లోతు గిన్నెలన్నీ బోర్లించండి, కాస్త వాలుగా. ఆపి చూసినప్పుడు ఏ గిన్నెలోనైనా మురికి నీళ్లు నిలిచి ఉంటే కారణం అక్కడే ఉంది.

అడుగు ఫిల్టరుకు సంగటి పట్టినా ఇదే గోల. రాగి సంగటి వేడినీళ్లకు జిగురై జాలీని పూసేస్తుంది, ఊరుబిండి పలుకులు దాని మీద అతుక్కుంటాయి. పైకి పోయిన నీళ్లు మళ్లీ పంపు గుంటలోకి దిగవు. గిన్నెలు కడగనక్కర్లేదు, అంటుకున్నది గీకి పడేస్తే చాలు. ఫిల్టరు మాత్రం వారానికి రెండుసార్లు తీసి కొళాయి కింద పట్టండి. గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ వేశారేమో కూడా చూసుకోండి. నురుగు వస్తే పంపుకు నీళ్లు అందవు.

ప్రశ్న: మా బోరు నీళ్లు చవుడు. నీళ్లు తక్కువ ఎక్కడం దాని వల్లేనా? ఆర్‌ఓ నుంచి కనెక్షన్ ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇవ్వకండి. ఇంటి ఆర్‌ఓ గంటకు 12, 15 లీటర్లు ఇస్తుంది, మీ యంత్రం ఒక్కసారి నింపుకోవడానికే 3, 4 లీటర్లను కొన్ని నిమిషాల్లో అడుగుతుంది. ఉన్న సమస్య రెట్టింపవుతుంది. గార ఎక్కువగా పట్టేది నీళ్లు వేడెక్కే చోట, చల్లటి నీళ్లు వచ్చే వాల్వ్ దగ్గర తక్కువ. కాబట్టి నీళ్లు ఎక్కకపోవడానికి పైన చెప్పిన సీసా, జల్లెడ పరీక్షలే మీకూ.

చవుడుకు మందు యంత్రంలోనే ఉంది, ఉప్పు డబ్బా. మొదటిసారి మాత్రం అందులో లీటరు నీళ్లు పోసి, తర్వాత డిష్‌వాషర్ ఉప్పు నింపాలి. వంట ఉప్పు, కల్లుప్పు వేయొద్దు. నీళ్లు పరీక్ష చేయించి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని వచ్చిన కఠినతను 17.8తో భాగిస్తే మాన్యువల్లోని జర్మన్ డిగ్రీలు వస్తాయి. 600 మిల్లీగ్రాములుంటే దాదాపు 34. యంత్రంలో కఠినతను ఆ అంకెకే సెట్ చేయాలి. కొన్నాళ్లు తుంగభద్ర నీళ్లు, కొన్నాళ్లు బోరు వాడే ఇళ్లు బోరు లెక్కకే సెట్ చేసుకోవాలి. ఉప్పు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.