రెండు గేదెలతో ఇంటి వంటకు గోబర్ గ్యాస్ సరిపోతుందా?

నలుగురున్న ఇంటికి దాదాపు సరిపోతుంది. రెండు గేదెల నుంచి రోజుకు 25 కిలోల పేడ వస్తే సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ తయారవుతుంది. ఇచ్చే వేడి లెక్కన అది 430 గ్రాముల వంటగ్యాస్‌కు సమానం, అంటే నెలకు ఒక సిలిండర్‌కు కాస్త తక్కువ. మేతకు బయట వదిలే పశువులైతే ఈ లెక్క కుదరదు. పేడ చాలావరకు పొలాల్లోనే పోతుంది.

పేడ, నీళ్లు సమానంగా కలిపి ప్లాంటులో పోయాలి. లోపల గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులే మీథేన్ అనే మండే వాయువును తయారుచేస్తాయి. అందుకే కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు చుక్క కూడా అందులో పడనివ్వకండి, ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ప్లాంట్లు మూలపడటానికి ఇలాంటి చిన్న పొరపాట్లే చాలు, చూస్తే బాధేస్తుంది. చలికాలంలో గ్యాస్ తగ్గడం మాత్రం మామూలే.

మొదట వచ్చే గ్యాస్ సరిగా మండదు, గాలి కలిసి ఉంటే ప్రమాదం కూడా. వెలిగించకుండా బయటికి వదిలేయండి. గోబర్ గ్యాస్ స్టవ్ వేరుగా కొనాలి. పైపులో నీళ్లు చేరతాయి కాబట్టి కాస్త వాలుగా వేయించండి. గ్యాస్ తయారయ్యాక బయటికొచ్చే పలచని పేడ, అంటే స్లర్రీ, పొలానికి మంచి ఎరువు. నా దృష్టిలో గ్యాస్ కంటే అదే పెద్ద లాభం.