మూడంగుళాల పైపు నిజంగా అవసరమా?

ప్రశ్న: మాది 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే అదనపు ఒత్తిడి) ఒక బార్ దాకా పెంచాను. కంపెనీ ఇచ్చిన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) పైపులు 2 అంగుళాలవి. 3 అంగుళాలవి వేస్తే పవర్ పెరుగుతుందని ఫ్రెండ్స్, ల్యాగ్ (యాక్సిలరేటర్ తొక్కాక పవర్ అందడంలో ఆలస్యం) వస్తుందని మెకానిక్. ఎవరి మాట వినాలి?

జవాబు: నన్నడిగితే రెండున్నర అంగుళాలు చాలు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకోసారి గాలి పీల్చుకుంటుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర మీ ఇంజిన్ సెకనుకు దాదాపు 90 లీటర్లు లాగుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. బూస్ట్ పెరిగితే గాలి చిక్కబడుతుంది కానీ, ఇంటర్‌కూలర్ దాటాక ఈ లీటర్ల లెక్క పెద్దగా మారదు. ఆ 90 లీటర్లూ 2 అంగుళాల పైపులో సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళ్తాయి. రెండున్నరలో 32, మూడులో 21 చిల్లర. ఒత్తిడి నష్టం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రెండు నుంచి రెండున్నరకి వెళ్తేనే సగానికి పైగా తగ్గిపోతుంది. మూడుకి వెళ్తే ఆ మిగిలిన కాస్తలో ఇంకొంచెం తగ్గుతుంది, అంతే. దానికోసం బంపర్ వెనక చోటు కోసం కుస్తీ పట్టడం నాకు నచ్చదు.

ల్యాగ్ గురించి మీ మెకానిక్ మాట అబద్ధం కాదు, కానీ అంత టెన్షన్ అక్కర్లేదు. రెండు మీటర్ల పైపుని రెండున్నర బదులు మూడు చేస్తే మహా అయితే మూడు లీటర్ల లోపు చోటు పెరుగుతుంది. ఆ ఆలస్యం కన్నా టర్బో వేగం అందుకోవడానికి పట్టే సమయమే ఎక్కువ.

సైజు కన్నా నేను ముందు చూసేది వంపులు. కోసి మూలగా అతికించిన ఒక్క 90 డిగ్రీల మలుపు, నున్నగా వంచిన మూడు నాలుగు మలుపులంత నష్టం చేస్తుంది. చవగ్గా దొరికే పైపుల్లో వెల్డింగ్ లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. వేలు పెట్టి తడిమి చూడండి, గరుకుగా తగిలితే అరగదీయించండి. పైపు చివర ఉబ్బెత్తు అంచు లేకపోతే బూస్ట్‌కి సిలికాన్ హోస్ ఊడి వచ్చేస్తుంది. బిగించే ముందు నూనె జిడ్డు లేకుండా తుడవండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా ఉన్న 2 అంగుళాల పైపు బాగుంటే దాన్ని కదిలించకండి. త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) వైపు మాత్రం, దాని నోటి సైజుకు సరిపడేలా రెండున్నర వేయండి. సైజు మారే చోట మెల్లగా వెడల్పయ్యే రెడ్యూసర్ వాడండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ ఈ పైపులోనే ఉంటే, అది కూర్చునే చోట వ్యాసం మార్చొద్దు. పెంచితే ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) గాలి తక్కువగా కనిపించి పెట్రోల్ తగ్గిస్తుంది. బూస్ట్‌లో మిక్స్చర్ పల్చబడితే పిస్టన్లే కరుగుతాయి.