పొడవు ఒకటే, బరువులో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: సముద్రపు నాచులో ఉండే ఆంఫిపాడ్‌లను (రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న పెంకు జీవులను) ఎండబెట్టి తూస్తున్నాం. ఒకే పొడవున్న వాటికి కూడా బరువు, బూడిద శాతం (కాల్చాక మిగిలేది పొడి బరువులో ఎంత అన్నది) పొంతన లేకుండా వస్తున్నాయి. పొరపాటు ఎక్కడ?

జవాబు: ముందు పొడవునే అనుమానించండి. ఆంఫిపాడ్ చచ్చాక కొక్కెంలా ముడుచుకుంటుంది. స్కేలు తిన్నగా పెట్టి కొలిస్తే ఆ ముడుత ఎంతుంటే అంత తప్పు. మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి, తల ముందు అంచు నుంచి తోక కొస దాకా వీపు వంపు వెంబడే గీత గీసి కొలవండి. బరువు దాదాపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే పొడవులో 10 శాతం తేడా బరువులో 33 శాతం అవుతుంది.

తర్వాత ఆడవాటి పొట్ట కింది సంచి చూడండి. గుడ్లుంటే సన్నని సూదితో తీసి విడిగా తూచాలి. తిన్న నాచు ఒంట్లోంచి ముదురు గీతలా పైకే కనబడుతుంది. అది పోయేదాకా వడగట్టిన సముద్రపు నీటిలో ఒక్కోదాన్ని విడిగా ఉంచండి. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. అప్పుడే కుబుసం విడిచినవాటిని ఈ లెక్కలో కలపొద్దు. వాటి ఒంట్లో నీరెక్కువ, సున్నం తక్కువ.

బూడిద విషయంలో అసలు దొంగ ఉప్పు. ఒంటికి అంటిన సముద్రపు నీరు ఎండి, ఆ ఉప్పంతా బూడిదలో కలుస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క క్షణం ముంచి తీసి ఫిల్టర్ కాగితం మీద అద్దండి. నానబెడితే మాత్రం ఒంటి లోపలి లవణాలూ బయటికి పోతాయి. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు నిలకడగా వచ్చేదాకా ఎండబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలకుండా ఉంచే మూత పాత్రలో) చల్లార్చాకే తూచండి. ఆపైన ఫర్నేస్‌లో 500 డిగ్రీల దగ్గర 4 నుంచి 6 గంటలు కాల్చండి. 4.00 మి.గ్రా. పొడి బరువుకు 1.00 మి.గ్రా. బూడిద మిగిలితే 25 శాతం. వేడి మరీ పెరిగితే పెంకులోని కాల్షియం కార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఆ తరుగు కూడా కాలిపోయిన సేంద్రియ పదార్థం ఖాతాలో పడుతుంది.

ప్రశ్న: ప్రొటీన్ ఎంతుందో అంచనా వేయడానికి నైట్రోజన్‌ను 6.25తో గుణిస్తున్నాం, కానీ లెక్క ఎక్కువగా వస్తోంది. ఎందుకని?

జవాబు: పెంకులో ఉండే, ప్రొటీన్ కాని కైటిన్ అనే పదార్థం వల్ల. దాని బరువులో దాదాపు 6.9 శాతం నైట్రోజనే. మీ గుణకారంలో 1 మి.గ్రా. కైటిన్ 0.43 మి.గ్రా. ప్రొటీన్‌గా లెక్కకొస్తుంది. కైటిన్‌ను విడిగా కొలిచి, దాని నైట్రోజన్‌ను తీసేశాకే గుణించండి. కొవ్వు కూడా చూడాలనుకుంటే ఆల్కహాల్‌లో నిల్వ చేసినవి వద్దు. అది కొవ్వును లాగేస్తుంది. పట్టిన వెంటనే గడ్డకట్టించినవి వాడండి.