కోసిన జొన్న చేలో బర్రె ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. యాసంగి జొన్న కోసి నెల దాటింది. తర్వాత రెండు వానలు పడటంతో కొయ్యకాళ్లకు పచ్చగా పిలకలు లేచాయి. మొన్న పొద్దున రెండు బర్రెలను ఆ చేలోకి వదిలాం. అరగంట కాకముందే పెద్ద బర్రె ఎగపోస్తూ, వణుకుతూ పడిపోయి చనిపోయింది. మా నాయన చెవి కోసి చూస్తే రక్తం ఎర్రగా మెరుస్తూ వచ్చింది. రెండోదానికి డాక్టరు వచ్చి నరానికి ఇంజెక్షన్ ఇస్తే లేచింది. కొందరు నాము అంటున్నారు, కొందరు గిట్టనివాళ్లు మందు పెట్టారంటున్నారు. పోయిన వారం ఇదే చేలో మేస్తే ఏమీ కాలేదు. అసలు కారణం ఏమిటి? బతికిన బర్రె పాలు తాగొచ్చా? ఆ ఇంజెక్షన్ ఇంట్లో తెచ్చి పెట్టుకోవచ్చా? బోరు కింద ఇరవై రోజుల పశుగ్రాసం జొన్న ఉంది, దాన్ని ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు

జవాబు: ముందుగా, మీ చుట్టుపక్కల వాళ్లతో తగాదా పెట్టుకోకండి. మీరు రాసిన మూడు విషయాలు, అంటే కొయ్యకాళ్ల పిలకలు, అరగంటలో చావు, ఎర్రటి రక్తం, మూడూ నాము (లేత జొన్న మేసిన పశువుకు ఎక్కే విషం) వైపే చూపిస్తున్నాయి. పురుగుమందు తిన్న పశువుకు సాధారణంగా కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది, పేడ పలచగా పారుతుంది, కండరాలు అదురుతాయి. నాములో కంటిపాప పెద్దదవుతుంది. చొంగ రెండింటిలోనూ కారుతుంది కాబట్టి దాన్ని చూసి ఒక నిర్ణయానికి రాలేం.

మీ నాయన చెవి కోయడం వైద్యంగా పనికిరాదు. రక్తం పోయినంత మాత్రాన విషం పోదు. కానీ ఆ రక్తం రంగు చూసి గుర్తుపెట్టుకున్నారు చూడండి, మాకు అది చాలా విలువైన సమాచారం. ఎందుకో చెబుతాను.

లేత జొన్న ఆకులో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి చూపించారు. ధుర్రిన్ అలాగే ఉంటే పెద్ద ప్రమాదం లేదు. అది ఆకు పైపొర కణాల్లో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము లోపలి పొర కణాల్లో ఉంటుంది. మొక్క నిలబడి ఉన్నంతసేపు ఆ రెండూ కలవవు. పశువు కొరికి నమలగానే కలిసిపోతాయి, హైడ్రోసయానిక్ ఆమ్లం, అంటే సయనైడ్ పుడుతుంది. నెమరువేసే పశువులకు ఇది మరీ చేటు. పెద్ద పొట్టలో కావలసినంత నీరు, ఆమ్లం తక్కువ, పైగా అక్కడి సూక్ష్మజీవులు కూడా ధుర్రిన్‌ను విడగొడతాయి. గుర్రానికి, పందికి కడుపులో ఆమ్లం ఎక్కువ కాబట్టి వాటికి ముప్పు కొంత తక్కువ.

రక్తంలోకి చేరిన సయనైడ్ ఊపిరితిత్తుల జోలికి పోదు. కణాల లోపల ప్రాణవాయువును వాడుకునే ఆఖరి ఎంజైములో ఇనుము ఉంటుంది, దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పశువు గాలి పీలుస్తూనే ఉంటుంది, రక్తం ప్రాణవాయువును మోసుకెళుతూనే ఉంటుంది, కానీ తీసుకునే కణం లేదు. అందుకే సిరల్లో వెనక్కి వచ్చే రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. ఎగపోయడానికి కారణం కూడా ఇదే. అయితే చనిపోయి చాలాసేపు అయ్యాక రక్తం నల్లబడుతుంది. కాబట్టి వెంటనే చూసిన రంగుకే లెక్క.

ఇక పోయిన వారం ఏమీ కాలేదన్న మాట. నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ మందిని మోసం చేసేది ఇదే. ఒక లెక్క వేద్దాం. పశువు బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల సయనైడ్ ఒక్కసారిగా చేరితే ప్రాణం పోతుంది. 400 కిలోల బర్రెకు 800 మిల్లీగ్రాములు. కిలో పచ్చిమేతలో 200 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదకరమంటాం. ఆ స్థాయిలో ఉన్న మేత నాలుగు కిలోలు తింటే చాలన్నమాట. ఆకలి మీదున్న బర్రె దాన్ని తినడానికి ఎంతసేపు పడుతుంది? అదే మేత మధ్యాహ్నం వరకూ తీరిగ్గా మేస్తే కాలేయం గంధకాన్ని జతచేసి సయనైడ్‌ను పెద్దగా హాని లేని థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. అంటే ఎంత తిన్నదో దానితో పాటు ఎంత తొందరగా తిన్నదన్నదీ ముఖ్యం. పోయిన వారం పిలకలు పలచగా ఉండి ఉంటాయి, బర్రెలు వెతుక్కుంటూ మేసి ఉంటాయి. వాన తర్వాత గుబురుగా లేచాయి, పొద్దున్నే ఖాళీ కడుపుతో వదిలారు. ముందు రోజు ఏమీ కాలేదు కదా అని ఈ రోజు వదలడం నాము విషయంలో పనికిరాదు.

ఇక్కడే ఇంకో అపోహ కూడా ఉంది. వాన పడితే విషం విరుగుతుందని మన పల్లెల్లో అంటారు. బెట్టకు వాడి నిలబడిన ముదురు పైరుకు తడి అంది మళ్లీ పుంజుకుంటే ధుర్రిన్ శాతం తగ్గేమాట నిజమే. కానీ కోసిన మోడు నుంచి వానకు పుట్టే పిలక కొత్త మొక్కలాంటిది. మొక్క ఎంత లేతదైతే విషం అంత చిక్కగా ఉంటుంది, కాండంలో కన్నా ఆకులో ఎక్కువ. పైన యూరియా వేసి ఉంటే ఇంకా పెరుగుతుంది.

డాక్టరు ఇచ్చినది బహుశా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ జోడీ అయి ఉంటుంది. అమెరికాలో కె.కె. చెన్, ఆయన సహచరులు 1933లో ఈ రెండూ కలిపి వాడితే సయనైడ్‌కు గట్టి విరుగుడని చూపారు. నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌లో కొంత భాగాన్ని ప్రాణవాయువును మోయలేని మెట్‌హిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. సయనైడ్‌కు అదంటే ఇష్టం ఎక్కువ, కణాల్లోని ఎంజైమును వదిలి దానికి అంటుకుంటుంది. థయోసల్ఫేట్ కాలేయానికి కావలసిన గంధకాన్ని అందిస్తుంది. సమయానికి పడితే, పడిపోయిన పశువు నిమిషాల్లో లేవడం మీరే చూశారు.

అయినా ఇంట్లో పెట్టుకోవద్దనే చెబుతాను. నైట్రైట్ కాస్త ఎక్కువైతే ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్నే మనం చేజేతులా తీసేసినవాళ్లం అవుతాం. అంతకన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. జొన్న, మొక్కజొన్న, సజ్జ లాంటి పైర్లలో బెట్ట సమయంలో నైట్రేటు కూడా పేరుకుంటుంది. అది పశువు పొట్టలో నైట్రైట్‌గా మారుతుంది, దానివల్లా పశువు ఇలాగే ఎగపోస్తూ పడిపోతుంది. అప్పుడు రక్తం చాక్లెట్ రంగులో, ముదురు గోధుమగా ఉంటుంది. దానికి మందు మిథిలీన్ బ్లూ. ఆ పశువుకు పొరపాటున నైట్రైట్ ఎక్కిస్తే విషం మీద విషం పోసినట్టే. రక్తం రంగు చూసి, మేత ఏమిటో అడిగి, సిర దొరకబుచ్చుకుని, నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు అది. డాక్టరు పనే.

డాక్టరు వచ్చేలోపు మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మిగతా పశువులను చేలో నుంచి తోలేయండి, కానీ పరుగెత్తించకండి. 1962కు ఫోన్ చేసి, పశువు జొన్న పిలకలు మేసిందని మొదటి మాటలోనే చెప్పండి. సంచార పశువైద్య వాహనం వాళ్లు దానికి తగ్గ మందు చూసుకుని బయల్దేరతారు. బెల్లం నీళ్లు తాగించే అలవాటు ఉంది. నిలబడి, గుటక వేయగలిగే పశువుకైతే నష్టం లేదు, దాని మీదే భరోసా పెట్టుకుని కూర్చోకండి. పడిపోయిన పశువు నోట్లో మాత్రం సీసాతో ఏదీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నాము నుంచి బయటపడ్డ పశువు కూడా న్యుమోనియాతో పోతుంది.

బతికిన బర్రె గురించి టెన్షన్ వద్దు. సయనైడ్ ఒంట్లో పేరుకుపోయే రకం విషం కాదు, గండం గట్టెక్కిన పశువు సాధారణంగా పూర్తిగా కోలుకుంటుంది. ఇచ్చిన మందులను కూడా దృష్టిలో పెట్టుకుని రెండు రోజుల పాలు పారబోయండి, దూడకు కూడా తాపకండి. ఆ తర్వాత మీ డాక్టరును అడిగి వాడుకోండి. చనిపోయిన దాని మాంసం ఎవరికీ ఇవ్వకండి.

ఇన్సూరెన్స్ ఉంటే పూడ్చకముందే కంపెనీకి తెలపాలి, చెవి ట్యాగ్ భద్రపరచాలి, పోస్టుమార్టం రిపోర్టు తీసుకోవాలి. పొట్టలోని మేత, చేలోని పిలకలు ల్యాబుకు పంపాలంటే సంచిలో కట్టి పంపితే లాభం లేదు. సయనైడ్ ఆవిరై పోతుంది. గాలి చొరని సీసాలో నిండా పెట్టి, ఐసులో, అదే రోజు చేర్చాలి. ల్యాబులో పిక్రేట్ కాగితం పరీక్ష చేస్తారు. 1906లో గినార్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త చెప్పిన పద్ధతి, ఇప్పటికీ దాన్నే వాడుతున్నాం. ఆకు ముక్కలను సీసాలో నలిపి వేసి, పిక్రిక్ ఆమ్లంతో చేసిన పసుపుపచ్చని తడి కాగితాన్ని ఆకుకు తగలకుండా పైన వేలాడదీసి మూత బిగిస్తారు. సయనైడ్ ఉంటే కాసేపటికి కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. చూడటానికి సులువే గానీ, ఎండిన పిక్రిక్ ఆమ్లం పేలుడు పదార్థం. ఇంటి దగ్గర ప్రయత్నించకండి.

ఇంత ప్రమాదమైతే విషం లేని జొన్న తయారు చేయరేమని మీలాంటి రైతులు నన్ను తరచూ అడుగుతారు. మొక్క దాన్ని మన పశువుల మీద కక్షతో తయారు చేయడం లేదు. 2001లో కోపెన్‌హాగన్ శాస్త్రవేత్తలు ధుర్రిన్ తయారుచేసే జన్యువులను ఆవాల జాతికి చెందిన ఒక చిన్న మొక్కలోకి ఎక్కిస్తే, దాన్ని తినే పెంకు పురుగు దూరంగా జరిగింది. జొన్నకు అది కాపలా, నత్రజని నిల్వ కూడా. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు ధుర్రిన్ అసలు లేని జొన్న మొక్కను ఉత్పరివర్తనం (జన్యువులో మార్పు) ద్వారా తేగలిగారు. నా మట్టుకు నాకు, మన బెట్ట చేలల్లో, మన పురుగుల మధ్య అలాంటి పైరు ఎలా నిలబడుతుందో చూడకుండా తొందరపడటం ఇష్టం లేదు. పశుగ్రాసానికి సయనైడ్ తక్కువగా ఉండే రకాలు ఎలాగూ ఉన్నాయి. వచ్చేసారి విత్తనం కొనేటప్పుడు ఆ మాట అడిగి తీసుకోండి.

మీ ఇరవై రోజుల పైరు జోలికి ఇప్పుడు పోకండి. ఒకే కోత రకమైతే సగం పూత వచ్చాక, పలు కోతల రకమైతే 50–60 రోజులు దాటాక కోయండి. ఈలోగా నీరు కట్టడం మానకండి, యూరియా ఒకేసారి గుమ్మరించకండి. కోసినా మొదటి రెండు రోజులు ఎండు చొప్పతో కలిపి కొంచెం కొంచెంగా వేయండి. బాగా ఎండిన చొప్పతో భయం లేదు. పచ్చిమేతను పాతర (సైలేజ్) వేసినా విషం చాలావరకు వాయువుగా పోతుంది, కనీసం మూడు నాలుగు వారాలు మగ్గనివ్వండి, తెరిచాక కాసేపు గాలి ఆడనిచ్చి తీయండి. కోసిన యాసంగి చేను విషయంలో మాత్రం ఎదురుచూడకుండా ఈ వానల పదునుకే దున్నేయండి. కట్టు తెంచుకున్న పశువు మీదైనా, పక్కవాళ్లదైనా ఆ పిలకల్లో పడకూడదు.